పూచీ ఎవరిది?

మొన్న మా నెలవారీ సమావేశానికి వచ్చిన ఒక మిత్రురాలు చేతిసంచిలోంచి మడతలు పడ్డ జిరాక్సు కాగితం ఒకటి తీసి అందరి మధ్యా పెట్టింది. ఆమె కోస్తాలోని ఒక పట్టణంలో, హైస్కూలుతో పాటు ఇంటర్మీడియట్ కూడా నడిపే ఒక ప్రైవేటు విద్యాసంస్థలో చరిత్ర చెబుతుంది. పోయిన డిసెంబరులో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలతో అండమాన్ దీవులకు విజ్ఞానయాత్రకు వెళ్ళివచ్చింది. ఆ కాగితం మీద నాలుగే వాక్యాలున్నాయి. యాత్రకు వచ్చే విద్యార్థినుల భద్రతకూ, ప్రవర్తనకూ, మానమర్యాదలకూ పూర్తి పూచీ తనదేననీ, వారికి ఏ విధమైన ఇబ్బంది కలిగినా యాజమాన్యానికి ఎటువంటి సంబంధం లేదనీ, ఈ బాధ్యతను తాను ఇష్టపూర్వకంగా స్వీకరిస్తున్నాననీ వుంది. కింద ఆమె సంతకం.

ఆ యాత్రకు మొత్తం 34 మంది పిల్లలు వెళ్ళారు. అందులో ఆడపిల్లలు 9 మంది. వెంట వెళ్ళిన అధ్యాపకులు నలుగురు. ముగ్గురు మగవాళ్ళు, ఈమె ఒక్కతే స్త్రీ. ఆ ముగ్గురి చేతా ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టించుకోలేదు. 25 మంది మగపిల్లల భద్రతకూ, ప్రవర్తనకూ, మానమర్యాదలకూ పూచీ ఎవరిదో ఎక్కడా రాసి లేదు. ఆమె ఆ మాటే అడిగితే ప్రిన్సిపాల్ గారు "మగపిల్లలకేమవుతుందమ్మా" అని నవ్వారట.

మరి సంతకం ఎందుకు పెట్టావు అని మాలో ఒకరు కాస్త కోపంగానే అడిగారు. ఇన్నేళ్ళుగా మన మీటింగులకు వస్తున్నదానివి, నాలుగు చట్టాలు తెలిసినదానివి, ఆ మాత్రం ఎదురుతిరగలేకపోయావా అన్నారు. ఆమె చెప్పిన జవాబు విన్నాక ఆ కోపం ఆమె మీద నిలవలేదు. "నేను పెట్టనంటే యాత్ర ఆగదండీ. ఆడపిల్లలు మాత్రమే ఆగిపోతారు."

ఈ ఒక్క మాట చుట్టూ ఎంత రాజకీయం వుందో చూడండి.

ఇంటర్మీడియట్లో యాత్ర అనేదే మన దగ్గర వింతగా మారిపోయింది. ర్యాంకుల కర్మాగారాలుగా మారిన కాలేజీల్లో పిల్లలకు ఎండ తగిలేదే అరుదు. అటువంటప్పుడు ఒక చిన్న ఊరి విద్యాసంస్థ పిల్లల్ని సముద్రం దాటించి తీసుకెళ్ళిందంటే ముందు మెచ్చుకోవాలి. మెచ్చుకుంటున్నాం కూడా. కానీ మొదట నోటీసు పెట్టినప్పుడు పేర్లిచ్చిన ఆడపిల్లలు 26 మంది. ఓడ ఎక్కేనాటికి 9 మంది మిగిలారు. మిగతా 17 మంది ఎక్కడెక్కడ రాలిపోయారో మా మిత్రురాలు రాసిపెట్టుకుంది. ఒకరింట్లో నాన్న సరేనన్నాడు, మేనమామ కాదన్నాడు. ఒకరింట్లో తమ్ముడు, తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు, "అక్క వెళ్తే నా ఫ్రెండ్సందరూ ఏమనుకుంటారు" అన్నాడు. ఒక తల్లి "పెళ్ళయ్యాక మొగుడితో వెళ్దువుగానిలే" అని కూతురి నోరు మూయించింది. డబ్బు లేక ఆగినవాళ్ళూ వున్నారు, అది వేరే బాధ. అయితే ఒక ఇంట్లో కవలలున్నారు, ఒక కొడుకు, ఒక కూతురు. ఒక్కరికే డబ్బు కట్టగలం అనుకున్నప్పుడు ఆ ఒక్కరు ఎవరో చర్చే జరగలేదు.

వెళ్ళిన తొమ్మిది మందిలో ఒకమ్మాయి తల్లి ఇడ్లీ బండి నడుపుతుంది. డ్వాక్రా గ్రూపులో తీసుకున్న డబ్బులోంచి కట్టింది. "నేను పుట్టి బుద్ధెరిగాక తిరుపతి తప్ప ఊరు చూడలేదు, ఇదైనా చూడనీ మేడమ్" అందట. ఆ గ్రూపు లీడరు అప్పు దేనికి వాడావని నిలదీస్తే, చదువు ఖర్చు అని చెప్పిందట. చదువు ఖర్చు కాక మరేమిటి?

మగపిల్లల ఇళ్ళలో తల్లిదండ్రులు అడిగినది ఎంతవుతుంది అని. ఆడపిల్లల ఇళ్ళలో మొదటి ప్రశ్న, వెంట లేడీ టీచర్ వుందా అని. అంటే ఆ తొమ్మిది మందికీ ఓడ టిక్కెట్టుతో పాటు ఇంకో టిక్కెట్టు కావాలి. ఆ రెండో టిక్కెట్టు ఈమె. ఈ సంగతి యాజమాన్యానికి బాగా తెలుసు. అందుకే ఆ కాగితం ఆమె ముందుకు వచ్చింది.

ఇక ఆమె ఇంటి సంగతి. విశాఖపట్నం నుంచి ఓడలో రెండున్నర మూడు రోజుల ప్రయాణం, అక్కడ అయిదు రోజులు, మళ్ళీ అన్ని రోజులూ తిరుగు ప్రయాణం. పదకొండు రోజులు ఇల్లు వదలాలి. ఆరేళ్ళ కొడుకున్నాడు. అత్తగారు "అక్కడ నీ పిల్లలెవరున్నారని" అని ఒక్క మాట అని వూరుకుంది. బయల్దేరే ముందు నాలుగు రాత్రులు కూర్చుని పొడులు కొట్టి, పచ్చడి తాలింపు పెట్టి, కొడుకు బట్టలు రోజుకొక జత చొప్పున మడిచి, ఏ రోజు ఏమి చెయ్యాలో గోడ మీద కాగితం అంటించి వెళ్ళింది. తోటి అధ్యాపకులు ముగ్గురూ ఓడరేవుకు పెట్టెలు పట్టుకుని వచ్చారు, ఆ పెట్టెలు సర్దింది వాళ్ళ భార్యలు. తిరిగొచ్చాక, మధ్యలో పోయిన రెండు ఆదివారాలకు బదులు సెలవు ఇవ్వమని అడిగితే "అండమాన్ చూసొచ్చారుగా మేడమ్, ఇంకా సెలవెందుకు" అన్నారట ఆఫీసులో. ఆడవాళ్ళు చేసే కాపలాను, సేవను, జాగరణను ఎవరూ పనిగా లెక్కించకపోవడం మనకు కొత్త కాదు. ఇంట్లో జరిగేది సముద్రం దాటినా అదే.

ఓడలో మొదటి రాత్రే సగం మంది పిల్లలకు తల తిరుగుడు, వాంతులు. బంక్ క్లాసులో తొమ్మిది మందినీ ఒక వరుసలో పడుకోబెట్టి చివరి పడక ఈమె తీసుకుంది. ఒకమ్మాయికి నెలసరి తేదీ కంటే ముందే వచ్చింది. భయపడి చెప్పలేదు. తెల్లవారుజామున బాత్రూములో ఏడుస్తుంటే ఇంకో పిల్ల వచ్చి లేపింది. ఈమె ఆ అమ్మాయితో పాటు లోపలికి వెళ్ళాలంటే బయట ఎనిమిది మందిని ఎవరు చూస్తారు? ఓడలోని మందుల పెట్టెలో పిప్పర్మెంట్లు, వాంతుల మాత్రలు, బ్యాండేజి వున్నాయి. పాడ్లు లేవు. ఆ పెట్టె సర్దిన సార్ చెడ్డవాడేమీ కాదు, అతనికి తట్టలేదు అంతే. యాత్ర కమిటీలో ఒక్క స్త్రీ వుండి వుంటే తట్టేది. మా మిత్రురాలిని కమిటీలో వేయలేదు, కాగితం మీద సంతకానికి మాత్రమే పిలిచారు.

పోర్ట్‌బ్లేర్ పేరును 2024లో శ్రీవిజయపురం అని మార్చారు కానీ ఓడలోనూ రేవులోనూ అందరి నోటా పోర్ట్‌బ్లేరే. దిగగానే తెలుగు వినబడి పిల్లలు ఆశ్చర్యపోయారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అక్కడ ఎన్నో వున్నాయి. జంగ్లీఘాట్‌లో చేపలమ్మే ఒకావిడ "మాది సోంపేట దగ్గర" అని ఈ పిల్లల చేతులు పట్టుకుని వదల్లేదట.

సెల్యులర్ జైలుకు తీసుకెళ్ళారు. 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఒకప్పుడు ఏడు చేతులుండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి. గైడు బాగా చెప్పాడు. నూనె గానుగ, కొరడా దెబ్బలు, ఉరికంబం. మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ళలో కొందరిని ఇక్కడికే పంపారని మా మిత్రురాలు తెలుగులో కలిపి చెప్పింది. అంతా అయ్యాక ఇడ్లీ బండి తల్లి కూతురు అడిగింది: "మేడమ్, ఇక్కడికి ఆడవాళ్ళనెవర్నీ తేలేదా?"

తెచ్చారు. గైడు చెప్పలేదంతే. 1858లో ఖైదీల స్థావరం మొదలైన కొద్దికాలానికే స్త్రీ ఖైదీలను కూడా ఓడల్లో ఎక్కించారు. వాళ్ళకు వేరే జైలు కట్టారు. వాళ్ళలో శిశుహత్య నేరం మోపబడ్డవాళ్ళు ఎందరో. భర్త పోయినదానికి కడుపొస్తే ఆనాటి సమాజం ఏ దారి మిగిల్చిందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. కొన్నేళ్ళు శిక్ష అనుభవించాక, నడవడి బాగున్న మగ ఖైదీ పెళ్ళికి అర్హుడైతే, ఈ స్త్రీలను వరుసగా నిలబెట్టి చూపేవారు. అతను ఎంచుకునేవాడు. స్థావరంలో సంసారాలు ఏర్పడితే మగ ఖైదీలు బుద్ధిగా వుంటారని సర్కారు ఆలోచన. అంటే ఆ స్త్రీల శిక్షాకాలంలో ఒక భాగం మగవాళ్ళను అదుపులో పెట్టడం. ఈ సంగతులు ఆమె జైలు మెట్ల మీద కూర్చోబెట్టి తొమ్మిది మందికీ చెప్పింది. వింటూ వింటూ మగపిల్లలు కూడా నలుగురైదుగురు వచ్చి కూర్చున్నారట. ఆ అరగంట పాఠం మా లెక్కలో ఆ యాత్ర మొత్తానికీ విలువైనది. ఆ పాఠం చెప్పగల మనిషిని యాజమాన్యం కాపలాదారుగా మాత్రమే పంపింది.

తరువాత హేవ్‌లాక్. 2018లో స్వరాజ్ ద్వీప్ అన్నారు. రాధానగర్ బీచిలో మగపిల్లలు చొక్కాలు విప్పి నీళ్ళలోకి పరిగెత్తారు. ఆడపిల్లలు వాళ్ళ చెప్పులకూ, సంచులకూ, ఫోన్లకూ కాపలా కూర్చున్నారు. "మోకాళ్ళదాకా అయినా దిగుతాం మేడమ్" అని బతిమాలారు. ఈమె వద్దంది. ఈ మాట చెబుతున్నప్పుడు మా మిత్రురాలి గొంతు మారింది. "నేనే వద్దన్నానండీ. నా ఇంట్లో నాకు ఎవరైనా అలా చెబితే గొడవ పడేదాన్ని. కానీ ఆ నీళ్ళు చూసినప్పుడల్లా నాకు ఆ కాగితమే కనబడింది."

భయం లేని చోటు కాదది, నిజమే. 2010లో హేవ్‌లాక్ దగ్గర ఈదుతున్న ఒక అమెరికన్ యువతిని ఉప్పునీటి మొసలి పొట్టన పెట్టుకుంది. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లేర్ దగ్గర పరిమితికి మించి ఎక్కించుకున్న పర్యాటకుల పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. ఆ సంవత్సరమే జూన్ 8న హిమాచల్‌లో, లార్జీ డ్యాము నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్ళలో హైదరాబాదు నుంచి యాత్రకు వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఆ తల్లిదండ్రుల ముఖాలు మనమెవరమూ మరిచిపోలేదు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. మొసలికీ, మునిగే పడవకూ, వరదకూ ఆడా మగా తేడా లేదు. బియాస్‌లో పోయినవాళ్ళలో ఎక్కువమంది మగపిల్లలే. "మగపిల్లలకేమవుతుందమ్మా" అనేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి. మా మిత్రురాలు సంతకం పెట్టిన కాగితంలో ప్రవర్తన వుంది, మర్యాద వుంది, మాట్లాడకుండా మిగతా కాగితాల్లో ఆడపిల్లలు వేసుకోవలసిన దుస్తుల వివరం వుంది. లైఫ్ జాకెట్ మాట ఎక్కడా లేదు. పడవకు లైసెన్సు వుందో లేదో, ఎందరిని ఎక్కించవచ్చో, దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడో, పిల్లల్లో ఈత వచ్చినవారెవరో ఒక్క వాక్యం లేదు. భద్రత అనే మాటను మన సమాజం ఎలా వాడుతోందంటే, అది ప్రాణం గురించి కాదు, పరువు గురించి. పరువు వుండేది ఆడపిల్లలకే కనుక భద్రత కూడా వాళ్ళకే. చివరికి ఆడపిల్లలు నీళ్ళకు దూరమయ్యారు, మగపిల్లలు ప్రమాదానికి దగ్గరయ్యారు.

బియాస్ దుర్ఘటన మీద హిమాచల్ హైకోర్టు 2016లో తీర్పు చెప్పింది. నష్టపరిహారం భారాన్ని విద్యుత్ బోర్డు, కళాశాల యాజమాన్యం, రాష్ట్ర ప్రభుత్వం ముగ్గురి మీదా పంచింది. వెంట వెళ్ళిన ఒక్క అధ్యాపకుడి జేబులోంచి తీయించలేదు. యాత్రకు పిల్లల్ని పంపిన సంస్థ తన బాధ్యతను ఒక ఉద్యోగిని సంతకంతో కడిగేసుకోగలదనుకోవడం న్యాయస్థానాల ముందు నిలిచే మాట కాదు. అయినా ఆ కాగితానికి శక్తి వుంది. అది కోర్టులో పనిచెయ్యదు, ఆమె మనసులో పనిచేస్తుంది. దాని పనే అది.

ఇంకో సంగతి కూడా జరిగింది. టూరు ఏజెంటు తరఫున వచ్చిన ఒక మనిషి, పడవ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెయ్యందించే నెపంతో ఆడపిల్లల దగ్గరే తిరగడం మొదలుపెట్టాడు. అలల తుంపరకు తడిసిన అమ్మాయిల ఫోటోలు తన ఫోనులో తీస్తున్నాడని ఒక పిల్ల వచ్చి చెప్పింది. ఈమె వెళ్ళి ఫోను అడిగింది. అతను గ్రూపు ఫోటోలేనండీ అన్నాడు. సీనియర్ అధ్యాపకుడు "ఇంకా రెండు రోజులేగా మేడమ్, సర్దుకుపోదాం, టిక్కెట్లన్నీ వాడి చేతిలో వున్నాయి" అన్నాడు. ప్రిన్సిపాల్‌కు ఫోను చేస్తే, ముందు మీరు పిల్లల్ని అదుపులో పెట్టండి అన్నాడు. ఫోటోలు తీసింది అతను, అదుపులో పెట్టాల్సింది ఆడపిల్లల్ని! ఈమె వదిలిపెట్టలేదు. మగపిల్లల్లో ఒకడు, నెమ్మదస్తుడు, వచ్చి పక్కన నిలబడ్డాడు. తరువాత ఇంకో ముగ్గురు. అందరి ముందూ ఫోటోలు చెరిపించారు. మరునాడు ఆ మనిషి రాలేదు.

మన పాఠకులకు చట్టం తెలిసే వుంటుంది, అయినా ఇక్కడ చెప్పడం అవసరం. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. అందులో పనిచేసే చోటు అంటే నాలుగు గోడల ఆఫీసు మాత్రమే కాదు. ఉద్యోగరీత్యా వెళ్ళిన ఏ ప్రదేశమైనా, యజమాని ఏర్పాటు చేసిన వాహనంతో సహా, పనిచేసే చోటే. కనుక ఆ ఓడ, ఆ పడవ, ఆ లాడ్జి అన్నీ మా మిత్రురాలి పనిస్థలమే. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు, ఇంత వయసుండాలనీ లేదు. పదిమందీ అంతకు మించీ పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ వుండి తీరాలి. ఇక ఆ పిల్లలంతా 18 ఏళ్ళ లోపువాళ్ళు, అంటే 2012 నాటి పోక్సో చట్టం వాళ్ళకు వర్తిస్తుంది. దాని కింద నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆ విద్యాసంస్థలో అంతర్గత కమిటీ వుందా అని మేమడిగాం. నోటీసు బోర్డు మీద మూడు పేర్లున్నాయట. అందులో ఒకటి తనదని ఆమెకు ఎవరో చదివి చెబితే తెలిసింది.

ఇప్పుడు బారాటాంగ్ రోడ్డు. ఇదే మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది.

సున్నపురాయి గుహలు చూపిస్తామని చెప్పి తెల్లవారుజామునే బస్సెక్కిస్తారు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నీ బారులు తీరి, వరుసకట్టి జరావా ఆదివాసుల అడవి గుండా వెళతాయి. ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. ఈ ఆదివాసుల రక్షణకు 1956 నుంచీ ప్రత్యేక నిబంధనలున్నాయి. ఆ అడవిలో రోడ్డు మూసెయ్యమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మూయలేదు. 2012లో, తిండి ఆశ చూపి జరావా స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియోను లండన్ పత్రిక ఒకటి బయటపెట్టినప్పుడు దేశమంతా కొన్నాళ్ళు సిగ్గుపడింది. శిక్షలు పెంచారు. బస్సులు మాత్రం నడుస్తూనే వున్నాయి. గుహలంటారు కానీ ఆ బస్సెక్కే చాలామంది కళ్ళు కిటికీల బయట ఎవరిని వెతుకుతాయో అందరికీ తెలుసు.

ముందురోజు రాత్రి మా మిత్రురాలు ఈ సంగతంతా పిల్లలకు చెప్పింది. తన అభిప్రాయం దాచుకోలేదు. నేనైతే వెళ్ళకూడదనుకుంటున్నాను, మీ ఇష్టం మీది అంది. ఆడపిల్లల్లో పెద్ద వాదన జరిగింది. అయిదుగురు, ఇంత దూరం వచ్చాం, గుహలు చూస్తాం, పక్కకు చూడం అన్నారు. నలుగురు రామన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఆటోస్టాండు మీదుగా కాలేజీకి నడిచి వస్తుంది రోజూ. "అక్కడ వాళ్ళు నన్ను చూస్తారు. రేపు నేను బస్సులో కూర్చుని ఇంకొకళ్ళని చూడాలా" అంది.

మగపిల్లల్లోనూ ఆరుగురు రామన్నారు. వాళ్ళకు ఏ చిక్కూ రాలేదు. ఒక సార్ వాళ్ళతో లాడ్జిలో వుండిపోయాడు. ఆడపిల్లల దగ్గరకు వచ్చేసరికి స్త్రీ ఒక్కతే. అయిదుగురితో వెళితే నలుగురిని ఎవరికి వదలాలి? నలుగురితో వుంటే అయిదుగురిని ఎవరు పంపుతారు? తొమ్మిది మందీ ఒక్కచోటే వుండాలని సీనియర్ అధ్యాపకుడు తేల్చాడు. అందరూ బస్సెక్కారు. రామన్న నలుగురూ ఎక్కారు. వద్దన్న టీచరూ ఎక్కింది. ఆటోస్టాండు పిల్ల చున్నీ ముఖం మీదికి లాక్కుని దారంతా అలాగే కూర్చుంది.

ఆడపిల్లలు వెళ్ళడానికి వీల్లేకపోవడం గురించి మనం ఎన్నో ఏళ్ళుగా మాట్లాడుతున్నాం. వద్దనడానికి కూడా వీల్లేకపోవడం గురించి అంతగా మాట్లాడలేదు. ఇక్కడ రెండింటికీ కారణం ఒక్కటే. స్త్రీలను ఒక్కొక్కరిగా పంపి ఖర్చు మిగుల్చుకోవడం. రెండో అధ్యాపకురాలికి టిక్కెట్టు పెడితే ఆ నలుగురి మనస్సాక్షికీ చోటుండేది. బాత్రూము ముందు ఏడ్చిన పిల్లకు తోడుండేది. రాధానగర్‌లో ఒకరు ఒడ్డున, ఒకరు నీళ్ళలో నిలబడితే తొమ్మిది మందీ సముద్రంలో దిగేవాళ్ళు. మా మిత్రురాలు మూడు రాత్రుల్లో ఒక రాత్రయినా నిద్రపోయేది.

కనుక మేము అడుగుతున్నది పెద్ద విషయమేమీ కాదు. ఆడపిల్లలు ఎందరున్నా, ఇద్దరే వున్నా సరే, వెంట కనీసం ఇద్దరు స్త్రీలు వెళ్ళాలి. వాళ్ళలో ఒకరు ఆయా అయినా, ఒక తల్లి అయినా ఫరవాలేదు. యాత్ర ఎటు, ఎలా అని నిర్ణయించే కమిటీలో వాళ్ళుండాలి. అవసరానికి వాడే డబ్బులో కొంత వాళ్ళ చేతిలో వుండాలి. పూచీకత్తు రాయవలసింది సంస్థ, తల్లిదండ్రులకు. దానిలో ఆడపిల్లలని, మగపిల్లలని వేరుగా వుండకూడదు. నీళ్ళలో దిగే నియమం అందరికీ ఒకటే, లైఫ్ జాకెట్ అందరికీ ఒకటే, రాత్రి గదిలోకి చేరే వేళ అందరికీ ఒకటే. అంతర్గత కమిటీ సభ్యురాలి ఫోను నంబరు ప్రతి పిల్ల దగ్గరా వుండాలి, ఆ సభ్యురాలికి తాను సభ్యురాలినన్న సంగతి తెలిసి వుండాలి! వెళ్ళివచ్చిన రోజులు పనిరోజులు. వాటికి సెలవు దయ కాదు.

ఇదంతా చెప్పాక మా సంగతి కూడా చెప్పకపోతే నిజాయితీ అనిపించుకోదు. ఆ సాయంత్రం సమావేశం అయ్యాక మాలో ఒకరు బీరువా తెరిచి మా పాత ఫైళ్ళు తీశారు. మూడేళ్ళ క్రితం కిశోర బాలికల శిబిరానికి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు, మా కార్యకర్తల చేత రాయించుకున్న హామీపత్రం దొరికింది. "బాలికల భద్రతకు, ప్రవర్తనకు పూర్తి బాధ్యత వహిస్తాను." అదే వాక్యం. ఫండింగు సంస్థ అడిగిందని ఎక్కడిదో నమూనా తెచ్చి టైపు చేయించాం. ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆ రోజు సంతకం పెట్టిన కార్యకర్త ఇప్పటికీ మాతోనే వుంది. అప్పుడు నీకేమనిపించింది అంటే, "శిబిరం మూడు రోజులూ నేను కూర్చుని అన్నం తినలేదక్కా" అంది. ఆ మాట ఆమె అప్పుడు మాతో అనలేకపోయింది. మహిళా హక్కుల సంస్థలో పనిచేస్తూ అనలేకపోయింది. ఆ పత్రాన్ని రద్దు చేశాం. కొత్తది రాస్తున్నాం, దాని మీద సంతకం సంస్థ తరఫున అధ్యక్షురాలు, కార్యదర్శి పెడతారు. మీ సంస్థల ఫైళ్ళలో ఏముందో ఒకసారి చూసి మాకు రాయండి. దొరికినవన్నీ వచ్చే సంచికలో వేస్తాం, పేర్లు లేకుండా.

మా మిత్రురాలు పనిచేసే చోట ఈ ఏడాది యాత్రకు మళ్ళీ నోటీసు పెట్టారు. ఈసారీ సముద్రమే. పోయినసారి వెళ్ళిన తొమ్మిది మంది చెప్పిన కబుర్ల వల్ల కాబోలు, జూనియర్లలో 31 మంది ఆడపిల్లలు పేర్లిచ్చారు. ఆమె యాజమాన్యానికి ఉత్తరం రాసింది. తనతో పాటు ఇంకో స్త్రీని పంపితే, ఆ కాగితం తీసేస్తే వస్తాననీ, లేకపోతే ఎందుకు రావడం లేదో పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో తానే చెబుతాననీ రాసింది. ఉత్తరం మీద ఇంకో ముగ్గురు అధ్యాపకురాళ్ళు సంతకాలు చేశారు. పోయినసారి వెళ్ళిన ముగ్గురు సార్లలో ఒకరు కూడా, లాడ్జిలో పిల్లలతో ఆగిపోయినాయన, సంతకం పెట్టాడు. ఈ సంచిక ప్రెస్సుకు వెళ్ళేనాటికి జవాబు రాలేదు. తల్లిదండ్రుల సమావేశం వచ్చే నెల రెండో శనివారం. ఇడ్లీ బండి తల్లి ఆ రోజు బండి తీయనని ఇప్పుడే చెప్పిందట.